మూడు లక్షల్లో పాత స్పోర్ట్స్ కారు: కాంటెస్సానా, సిటీ వీటెక్కా, పాలియోనా?

గంటస్తంభం_గిరి
మూడు లక్షలు పక్కన పెట్టాను. బండి, కాయితాలు, మొదటి విడత రిపేర్లు అన్నీ అందులోనే తేలిపోవాలి. ఆఫీసుకి బైకుంది, ఇంటికి వేగనార్ ఉంది. ఇది ఆదివారం బండి. తెల్లారగట్ల లేచి సాలూరు ఘాట్ ఎక్కి, సుంకిలో టీ తాగి, టిఫిన్ టైముకి విజయనగరం దిగిపోవాలి. నా సరదా అంతే.

ఇప్పటికి మూడు దొరికాయి.

గార దగ్గర 1996 హిందుస్థాన్ మోటర్స్ కాంటెస్సా క్లాసిక్. ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, ఏపీ 30 (శ్రీకాకుళం) నంబరు, ఒకటే ఓనరు. రెండు లక్షల అరవై వేలు చెప్తున్నారు.

విశాఖలో 2002 హోండా సిటీ వీటెక్, మామూలు సిటీ కంటే ఎక్కువ పవరున్న ఇంజనుది. లక్షా ఎనభై. ముందు చెన్నైలో తిరిగిన బండి, తర్వాత ఏపీకి మార్చారు.

బొబ్బిలిలో 2002 ఫియట్ పాలియో 1.6. లక్షా పది. నాలుగేళ్లుగా షెడ్డులోనే ఉంది, స్టార్ట్ అవ్వదు.

ఏది తీసుకోమంటారు? వేరే ఏదైనా ఉంటే అదీ చెప్పండి. "ఆ డబ్బుకి మంచి స్విఫ్ట్ వస్తాది కదా" అన్న సలహా మా ఆవిడ రోజూ ఇస్తోంది, మీరు ఇవ్వక్కర్లేదు.

సిక్కోలు_శీను
స్విఫ్ట్ కొనీయ్ బావా.

సిక్కోలు_శీను
జోకులకేటి గానీ, కాంటెస్సా స్పోర్ట్స్ కారని ఎవరన్నారు? అది పడవ. అంబాసిడర్ చాలనోళ్లు కొనుక్కునీవోరు. వెనక సీట్లో పడుకోడానికి బాగుంటాది.

వీటెక్_వాసు
శీను చెప్పింది నిజం. కాంటెస్సా 1.8కి 88 హార్స్‌పవరు. సిటీ వీటెక్ 1.5కే 106, పైగా తేలిక బండి. 2000 నుంచి 2003 దాకా వచ్చిన ఆ సిటీ అంటే అప్పట్లో కాలేజీ కుర్రాళ్లందరికీ పిచ్చి. ఇంజను పైకి తిప్పేకొద్దీ పాడుతుంది. పాలియో 1.6 కూడా 100 హార్స్‌పవరే, స్టీరింగు ఇంకా బాగుంటుంది, కాకపోతే పెట్రోలు మంచినీళ్లలా తాగుతుంది. స్పోర్ట్స్ అన్న మాటకి న్యాయం చేసేవి ఈ రెండే.

నెల్లిమర్ల_నాని
వెనక చక్రాలు తిప్పే బండికీ ముందు చక్రాలు తిప్పే బండికీ ఘాట్ మలుపులో తేడా తెలిసినోడు వీటెక్ అనడు. ఆ మూడింట్లో వెనక చక్రాల డ్రైవు కాంటెస్సాకే ఉంది. హార్స్‌పవరు లెక్క హైవేకి.

వీటెక్_వాసు
మలుపులో ఆ బండి ఎంత ఒరుగుతుందో కూడా చెప్పు నానీ.

నెల్లిమర్ల_నాని
ఒరగనీ. అదే సరదా.

డల్లాస్_దాలినాయుడు
ఇవన్నీ ఎందుకు, మియాటా చూడు గిరీ. మాజ్దాది, రెండు సీట్లు, టాప్ తీసేయొచ్చు, 1989లో మొదలైంది, మొదటి మోడలుకి హెడ్‌లైట్లు పైకి లేస్తాయి. ఇక్కడ మా వీధిలోనే రెండున్నాయి. మన డబ్బుల్లో నీ బడ్జెట్‌కి రెండింతలు పెడితే తిరిగే బండి వచ్చేస్తుంది. కంటైనర్లో పడేసి విశాఖ పోర్టులో దింపించుకో.

ఫారం_ముప్పై
దాలినాయుడు గారూ, పడెయ్యడం వరకే మీ చేతిలో ఉంది. వాడిన కారు దిగుమతి చేసుకోవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపుండాలి, అది కూడా ముంబై పోర్టు నుంచే. మీ వీధిలోవి ముప్పై ఏళ్లవి, స్టీరింగు ఎడమపక్క. సుంకం సంగతి అసలు ఎత్తొద్దు, బండి ఖరీదు దాటిపోతుంది.

డల్లాస్_దాలినాయుడు
మరైతే పోనీ, ఫోటో పంపిస్తాను.

అరసవల్లి_అప్పన్న
శాన్ స్టార్మ్ గుర్తుందా ఎవరికైనా? గోవా కంపెనీది. మన దేశంలోనే చేసిన రెండు సీట్ల ఓపెన్ టాప్. బాడీ ఫైబరుది, తుప్పు పట్టదు. మన సముద్రం గాలికి అదే కరెక్టు.

గంటస్తంభం_గిరి
అప్పన్న గారూ, దానికోసమే ముందు వెతికాను. ఒక బ్రోకరు వాట్సాప్‌లో ఫోటోలు పంపి, అడ్వాన్సు వేస్తేనే బండి ఏ ఊర్లో ఉందో చెప్తానన్నాడు.

సిక్కోలు_శీను
ఆ ఫోటోలు నాకూ వచ్చినాయి. అదే బండి, అదే కొబ్బరి చెట్టు. నాకు పాండిచ్చేరి అన్నాడు.

టింకరింగ్_తాత
స్టార్మ్ బాడీ ఫైబరే, కింద ఫ్రేము ఇనుమే. ఇంజను 1.2 రెనో, దాని సామాను కోసం తిరగాలి. ముద్దొచ్చే బండే గానీ మొదటి పాత బండిగా వద్దు.

ఇంజన్ల గురించి మీరు కొట్టుకుంటున్నారు కాబట్టి ఒక మాట చెప్తాను. ఇసుజు ఇంజను విప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, హోండాకీ ఉన్నారు, ఫియట్‌కి కాస్త వెతకాలి. ఇంజను ఎంత పాడైనా ఒక రేటుకి బాగవుతుంది. రేకు కుళ్లితే రేటు ఉండదు. విప్పేకొద్దీ పని పెరుగుతుంది. గిరి చెప్పిన వివరాల్లో నన్ను భయపెట్టింది "గార" అన్న మాట, సముద్రం దగ్గరి ఊరది. ఒకటే ఓనరంటే ముప్పై ఏళ్లూ ఆ బండి ఉప్పుగాలిలో ఉన్నట్టే. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల సిల్లులు, అంటే డోరు కింద బాడీ పొడవునా ఉండే రేకు దూలాలు, పొడైపోయుంటాయి.

వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం పట్టుకెళ్లు. పల్చటి గుడ్డలో చుట్టి సిల్లుల మీద, చక్రాల పైన వంపుల మీద, డోర్ల కింది అంచుల మీద జరుపు. అంటుకోని చోట లోపల రేకు లేదు, పుట్టీ ఉంది. కార్పెట్ ఎత్తమను. ఎత్తనన్నాడా, వచ్చేయ్. ఫ్లోరు మీద స్క్రూడ్రైవరు పిడితో కొడుతూ పో, గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లింది డబ్‌మంటుంది. బ్యాటరీ కింది ట్రే, డిక్కీలో స్టెప్నీ గొయ్యి, ముందద్దం కింది అంచు, వెనక సస్పెన్షన్ బాడీకి బిగించే చోటు ఇవి వదలకు. డోరు సగం తెరిచి పైకెత్తి చూడు, కదిలితే కీలు దగ్గర స్తంభం పోయినట్టు. బండి అడుగున కొత్తగా నల్ల కోటింగు కొట్టించారంటే మరీ అనుమానించు. అమ్మే ముందు అడుగుభాగానికి రంగేసేవాడు దేనికేస్తాడు?

ముందురోజే ఫోను చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు, వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచినట్టు.

సాలూరు_స్టీరింగు
తాతగారు చెప్పిందంతా ఒప్పుకుంటాను గానీ రేకు కుళ్లితే రేటుండదన్నది ఒప్పుకోను. మా సాలూరులో లారీ బాడీలు కట్టేవాళ్లున్నారు, వెల్డింగు వాళ్లకి పుట్టుకతో వచ్చింది. మా చిన్నాన్న అంబాసిడర్ ఫ్లోరు మొత్తం కోసి కొత్తది వేశారు, ఇప్పటికీ తిరుగుతోంది.

టింకరింగ్_తాత
ఏ రేకుతో వేశారు?

సాలూరు_స్టీరింగు
లారీ ఫ్లోరు రేకే.

టింకరింగ్_తాత
అదే నేను చెప్పేది. లారీ రేకు మందం. దాన్ని కారు పల్చటి రేకుకి అతికితే వేడికి పక్క రేకు మెలిక తిరుగుతుంది, అతుకు పక్కనే మళ్లీ తుప్పు మొదలవుతుంది. మీవాళ్ల చేతిపనిలో లోపం లేదు, వాళ్లకి అలవాటైన పని వేరు. మిగ్ వెల్డింగు (పల్చటి రేకుకి పనికొచ్చేది) ఉన్నవాడి దగ్గర, సరైన మందం రేకుతో, చిన్న చిన్న కుట్లుగా వేయించాలి. విశాఖ ఆటోనగర్లో దొరుకుతారు.

సాలూరు_స్టీరింగు
సరే గానీ, గుద్దితే మా చిన్నాన్న బండికేం కాదు. గుద్దించుకున్న లారీకే సొట్ట.

ఫారం_ముప్పై
రేకు అయింది, ఇక కాయితాలకి రండి. పాత బండి మీద పెట్టే డబ్బులో ఎవరూ లెక్కెయ్యనిది ఇదే.

సొంత కారు ఆర్సీ మొదట 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండి చూపించి రెన్యువల్ చేయించాలి. అంటే 1996 కాంటెస్సాకి 2011, 2016, 2021 రెన్యువళ్లు అయ్యుండాలి, 2026లో మళ్లీ వస్తుంది. 2002 బండ్లకి 2017, 2022 అయ్యుండాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఎప్పటిదాకా ఉందో చూడండి. 2022 ఏప్రిల్ ముందు రెన్యువల్ ఫీజు 600 ఉండేది, అది 5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. రెన్యువల్ తప్పితే నెలకి 500 అదనం. పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్సు వేరే.

గిరి గారూ, ఆ పాలియో నాలుగేళ్లుగా షెడ్డులో ఉందన్నారు. దాని ఆర్సీ 2022లో ఆగిపోయిందేమో ముందు అది కనుక్కోండి. అలా అయితే స్టార్ట్ చెయ్యకముందే సుమారు ముప్పై వేలు ఆర్టీవో ఆఫీసుకి కట్టాలి.

గంటస్తంభం_గిరి
ఇప్పుడే కొట్టి చూశాను. మీరన్నట్టే 2022లో అయిపోయింది. కాంటెస్సాది 2026 దాకా ఉంది. సిటీది 2027.

నెల్లిమర్ల_నాని
పాలియో అవుట్.

వీటెక్_వాసు
అయ్యో.

పలాస_జీడిపప్పు
వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తే ఈ ఫీజులు, ట్యాక్సులు ఉండవంటగా? మా ఫ్రెండు చెప్పాడు. కాంటెస్సాని అలా చేయించేస్తే పోదా?

ఫారం_ముప్పై
మీ ఫ్రెండు సగమే విన్నాడు. వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి. 2021లో వచ్చిన రూలు. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఆ బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ రిపేరుకీ బయటికి తియ్యాలి తప్ప మామూలుగా తిప్పకూడదు. 1996 కాంటెస్సాకి ఆ అర్హత 2046లో వస్తుంది.

సిక్కోలు_శీను
అప్పటికి బావకే వీఏ నంబరు ఇచ్చీయొచ్చు.

అరసవల్లి_అప్పన్న
ఢిల్లీలో పెట్రోలు బండికి 15 ఏళ్లు దాటితే తిరగకూడదని రూలు పెట్టారట, అక్కడ చవగ్గా అమ్మేస్తున్నారట. అక్కడినుంచి తెప్పించుకుంటే?

ఫారం_ముప్పై
చవక నిజమే. ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అక్కడ రావాలి, ఇక్కడ ఆఫీసు ఒప్పుకోవాలి, లైఫ్ ట్యాక్సు కట్టాలి, ట్రక్కు కిరాయి ఇవ్వాలి. వేరే రాష్ట్రం బండి ఏడాది దాటి ఇక్కడుంటే మళ్లీ రిజిస్టర్ చేయించాల్సిందే. మూడు లక్షల మనిషికి ఆ తిప్పలు దేనికి, ఇంటి పక్కనే ఏపీ 30 నంబరు బండి ఉండగా.

బొబ్బిలి_వీణ
పెట్రోలు గురించి ఒక్కరూ మాట్లాడలేదు, ఆశ్చర్యం. మా నాన్నగారి ప్రీమియర్ 118ఎన్‌ఈ నేనే చూసుకుంటున్నాను. ఫియట్ 124 బాడీలో నిస్సాన్ 1171 సీసీ ఇంజను, కార్బురేటరు (పెట్రోలుని గాలితో కలిపే పాతకాలం భాగం) ఉన్న బండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు. ఆ కాలం రబ్బరు దీనికి తట్టుకోదు. మా బండికి పెట్రోలు పంపులో డయాఫ్రమ్ (రబ్బరు పొర) మెత్తబడి ఉబ్బిపోయింది, పైపులు పగుళ్లిచ్చాయి. ఇంజను మీదకి పెట్రోలు కారుతుంటే వాసన పట్టి ఆపేశాను కాబట్టి సరిపోయింది.

కాబట్టి ఏ పాత బండి కొన్నా మొదటి వారంలోనే ట్యాంకు నుంచి కార్బురేటరు దాకా పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయించండి. వెయ్యో రెండు వేలో అవుతుంది. ఇథనాల్ తేమని లాక్కుంటుంది, అందుకని నెలల తరబడి ట్యాంకులో ఉంచెయ్యకండి. ఆదివారం బండన్నారు, ప్రతి ఆదివారం నిజంగా తియ్యండి. వానాకాలం నాలుగు నెలలు కవరు కప్పేస్తే మాత్రం ట్యాంకు లోపల తుప్పే. ఒక అగ్నిమాపక సిలిండరు డ్రైవరు సీటు కింద ఉంచుకోండి.

నెల్లిమర్ల_నాని
వీణ అన్నా, 118 అమ్ముతారా?

బొబ్బిలి_వీణ
అన్న కాదు, అక్క. అమ్మను.

పలాస_జీడిపప్పు
కవరు కప్పితే ఎలకలు కూడా. వైర్లన్నీ కొరికీస్తాయి. మా ఇంట్లో పొగాకు ఆకులు పెడతాం, పనిచేస్తున్నాయో లేదో ఎలకలే చెప్పాలి.

వీటెక్_వాసు
సిటీలో కార్బురేటరు గొడవ లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్. ఇన్సూరెన్సు కూడా చూడండి. థర్డ్ పార్టీ ప్రీమియం సీసీల లెక్కన ఉంటుంది. 2022లో పెట్టిన రేట్లలో 1000 నుంచి 1500 లోపు 3,416, 1500 దాటితే 7,897, జీఎస్టీ అదనం. సిటీ 1493 సీసీ, ఏడు సీసీల తేడాతో చిన్న స్లాబులో బతికిపోయింది. కాంటెస్సా 1817.

టింకరింగ్_తాత
వాసూ, నువ్వు చెప్పే ఆ సిటీ చెన్నై నుంచి ఎప్పుడొచ్చింది?

గంటస్తంభం_గిరి
2016లో ఏపీకి మారింది తాతగారూ.

టింకరింగ్_తాత
2015 డిసెంబరులో చెన్నై సగం నీళ్లలో ఉంది. ఆ తర్వాత అక్కడి బండ్లు చవగ్గా అన్ని ఊళ్లకీ వెళ్లాయి. ఇది అందులోదే అనట్లేదు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు, లోపలి మడతలో బురద గీత ఉంటుంది, దాన్ని ఎవరూ కడగరు. సీటు పట్టాల కింద తుప్పు, డాష్‌బోర్డు వెనక వైర్ల మీద ఎండిన మట్టి, హెడ్‌లైటు లోపల మరక చూడు. ఇంజనులో వాల్వుల్ని నడిపించే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడుగు. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. తెగితే వాల్వులు వంగుతాయి.

నెల్లిమర్ల_నాని
వీటెక్ అని బ్యాడ్జీ ఉన్నంతమాత్రాన వీటెక్ కాదు. మామూలు 1.5కి ఆ స్టిక్కర్లు అతికించినవి నేను బోల్డు చూశాను.

వీటెక్_వాసు
అది కరెక్టే. ఆర్సీలో మోడలు పేరు చదవండి, తర్వాత హోండా మీద పనిచేసిన మెకానిక్‌కి ఇంజను చూపించండి.

గంటస్తంభం_గిరి
సిటీ చూసొచ్చాను. సీటు బెల్టు లాగాను. బురద గీత ఉంది.

వీటెక్_వాసు
ఇంకేమీ మాట్లాడను.

సిక్కోలు_శీను
పడవ గెలిచీసింది. సిటీ మునిగిపోనాది గదా.

గంటస్తంభం_గిరి
గార కూడా వెళ్లాం. తాతగారు పనిమాలా శ్రీకాకుళం దాకా బస్సులో వచ్చారు, ఆయనకి నేను రుణపడ్డాను. బండి ఓనరు రిటైరైన మాస్టారు, కాఫీ ఇచ్చి, మొదటి సర్వీసు నుంచి ఉన్న పుస్తకం చూపించారు. ఇంజను చల్లగానే ఉంది, రెండో స్టార్టుకి అందుకుంది, పొగ లేదు. లోపల సీట్లు, డోరు ప్యాడ్లు ఒరిజినల్‌వే.

ఇక చెడ్డది. ఎడమ సిల్లు మీద అయస్కాంతం ఎక్కడా నిలవలేదు. డ్రైవరు కాళ్ల కింద ఫ్లోరులో నా వేలు దూరింది. వెనక భాగం, సస్పెన్షన్ బిగించే చోటు గట్టిగానే ఉన్నాయి. డిక్కీలో గ్యాస్ కిట్ ఉంది, అది ఆర్సీలో ఎక్కలేదు. ముందద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు ఎండిపోయి పెళుసైపోయింది.

టింకరింగ్_తాత
ఒక సిల్లు, ముందు ఫ్లోరు ఒక పక్క, ఇంతవరకైతే చెయ్యొచ్చు. వెనక గట్టిగా లేకపోయుంటే నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాణ్ని. రేకు పని, రంగు కలిపి అరవై, డెబ్భై వేలు అనుకో. పైపులు, బ్రేకులు విప్పి బాగుచెయ్యడం, టైర్లు ఇంకో నలభై, యాభై. బండి లక్షా డెబ్భై లోపు రావాలి. అంతకంటే ఎక్కువైతే కాయితాలు, ఇన్సూరెన్సు కలిపి నీ మూడు లక్షలు దాటుతుంది.

నెల్లిమర్ల_నాని
లక్షన్నర అడుగు. మాస్టారు కాఫీ ఇచ్చారని మెత్తబడకు.

అరసవల్లి_అప్పన్న
కాఫీ ఇచ్చినవాళ్లతో బేరం కష్టమే.

ఫారం_ముప్పై
ఆ గ్యాస్ కిట్ తీయించెయ్యమనండి, లేదా ఆర్సీలో ఎక్కించి ఇమ్మనండి. అది అలాగే ఉంటే రెన్యువల్ దగ్గర బండి ఆగిపోతుంది. 2026 రెన్యువల్ ఆయన పేరు మీదే పూర్తయ్యాక మీ పేరుకి మార్చుకోండి. డబ్బు సగం అప్పుడే ఇవ్వండి.

గంటస్తంభం_గిరి
మాస్టారు మొదట రెండున్నర దగ్గరే నిలబడ్డారు. ఫ్లోరులో వేలు దూరిన ఫోటో చూపించాక చాలాసేపు మాట్లాడలేదు. నిన్న రాత్రి ఆయనే ఫోను చేశారు. లక్షా డెబ్భై అయిదు, కిట్ తీయించి, రెన్యువల్ చేయించి ఇస్తానన్నారు. ఒక షరతు పెట్టారు, రంగు మార్చకూడదట. తెల్లది తెల్లగానే ఉండాలట.

టింకరింగ్_తాత
అయిదు వేలు ఎక్కువైంది. తీసుకో.

సాలూరు_స్టీరింగు
రంగు మార్చాలంటే ఆర్సీలో కూడా మార్చాలి, ఎలాగూ అదో ఖర్చు. మంచి షరతే.

బొబ్బిలి_వీణ
బీడింగు, వెనక లైట్ల గాజులు, బంపరు చివర్లు ఇక్కడ దొరకవు. కాంటెస్సా పుట్టింది బెంగాల్లోని ఉత్తరపాడాలో, 2002లో ఆగిపోయింది, సామాను ఇంకా కోల్‌కతా మల్లిక్ బజార్లో తిరుగుతోంది. ఆమదాలవలసలో హౌరా రైలెక్కే వాళ్లెవరైనా ఉంటే పాత బీడింగు ముక్క కోసి చేతికివ్వండి. ఫోటో చూపిస్తే తప్పుది అంటగడతారు.

పలాస_జీడిపప్పు
మా బావమరిది వచ్చే నెల కోల్‌కతా వెళ్తన్నాడు. ముక్క ఇవ్వండి, కిలో జీడిపప్పు ఖర్చు.

సిక్కోలు_శీను
పలాసోళ్లు జీడిపప్పు అడగడమేటి నాయినా!

ఫారం_ముప్పై
పేరు మార్పుకి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 ఒకటి, రెంటి మీదా మాస్టారి సంతకం ఆర్సీలో ఉన్నట్టే ఉండాలి. ముప్పై ఏళ్లలో చేతిరాత మారిపోయి ఉంటుంది, ముందే చూసుకోండి. చాసిస్ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిలు రుద్ది ఆర్సీతో పోల్చండి. తుప్పుకి అంకె చెరిగిపోయి ఉంటే సిల్లు పని మొదలెట్టకముందే ఆఫీసులో చూపించాలి.

గంటస్తంభం_గిరి
రుద్దాను. అంకెలన్నీ వచ్చాయి. బుధవారం అడ్వాన్సు ఇస్తున్నాను.